పట్టణాల సోపానక్రమం: కేంద్ర స్థల సిద్ధాంతంపై విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కేంద్ర స్థల సిద్ధాంతంలోని ముఖ్య భావనలను సొంత మాటల్లో వివరించగలుగుతారు.
• ఒక ప్రాంతంలో పట్టణాల స్థాయి ఎందుకు మారుతుందో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ర్యాంకు–పరిమాణ సూత్రాన్ని తెలుగు రాష్ట్రాల జనగణన అంకెలతో పరీక్షించగలుగుతారు.
• ఈ సిద్ధాంతం ప్రణాళికలకు ఎంతవరకు ఆధారం కాగలదో అంచనా వేయగలుగుతారు.

1. ప్రవేశిక

ఆదివారం సంప్రదింపు తరగతులకు మీరు ఏ ఊరికి వెళ్తున్నారు? అది మీ ఊరికి ఎంత దూరం? ఉప్పు, పప్పు, సబ్బు మీ ఊళ్లోనే దొరుకుతాయి. ఎరువుల కోసం మండల కేంద్రానికి వెళ్తారు. పెళ్లి బట్టలకు, బంగారానికి ఇంకొంచెం పెద్ద పట్టణానికి వెళ్తారు. గుండె ఆపరేషన్ అవసరమైతే హైదరాబాదుకో, విజయవాడకో, విశాఖపట్నానికో వెళ్తారు. సరిహద్దు జిల్లాల వారైతే బెంగళూరుకో, చెన్నైకో, నాగపూరుకో వెళ్తారు. మీ అవసరాన్ని బట్టి ఒక్కో మెట్టు ఎక్కుతున్నారన్న మాట. ఈ మెట్ల వరుసనే భూగోళ శాస్త్రంలో పట్టణాల సోపానక్రమం అంటాం.

ఈ మెట్లు ఎలా ఏర్పడ్డాయి? ఒక ఊరు పై మెట్టుకు ఎలా చేరింది, దాని పక్క ఊరు కింది మెట్టులోనే ఎందుకు ఉండిపోయింది? దీనికి క్రమబద్ధమైన సమాధానం చెప్పిన తొలి వారిలో ముఖ్యుడు జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్. దక్షిణ జర్మనీలోని కేంద్ర స్థలాలపై ఆయన గ్రంథం 1933లో వెలువడింది. 1966లో ఇంగ్లిషు అనువాదం వచ్చే నాటికే అది ప్రపంచమంతటా పాఠ్యాంశమై ఉంది. ఇప్పటికీ పరీక్షల్లో తప్పక అడిగే ప్రశ్న ఇది. అందుకే విద్యార్థులు షడ్భుజులు గీయడం నేర్చుకుంటారు కాని, ఆ బొమ్మ మన నేల మీద ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెదిరిపోతుందో చూడరు. ఈ భాగంలో మనం ఆ పని చేద్దాం.

2. సిద్ధాంత సారం

క్రిస్టాలర్ ఒక ఊహాత్మక మైదానంతో మొదలుపెట్టాడు. నేల అంతటా సమతలం. జనం సమంగా పరచుకొని ఉన్నారు. అందరి కొనుగోలు శక్తి ఒకటే. ఏ దిక్కుకు వెళ్లినా ప్రయాణ ఖర్చు దూరాన్ని బట్టే ఉంటుంది. ప్రతి వ్యక్తీ తనకు అతి దగ్గరి కేంద్రానికే వెళ్తాడు.

ఈ మైదానంలో రెండు భావనలు కీలకం. మొదటిది కనీస గిరాకీ. ఒక దుకాణమో సేవో నష్టపోకుండా నడవడానికి కావలసిన కనీస వాడకందార్ల సంఖ్య ఇది. టీ కొట్టుకు వంద ఇళ్లు చాలు. నగల దుకాణానికి చాలవు. రెండవది పరిధి. ఒక వస్తువు కోసం మనిషి ఎంత దూరం వెళ్లడానికి సిద్ధపడతాడో ఆ దూరమే పరిధి. అగ్గిపెట్టె కోసం ఎవరూ పది కిలోమీటర్లు వెళ్లరు, కంటి ఆపరేషన్ కోసం వంద కిలోమీటర్లైనా వెళ్తారు. కనీస గిరాకీ, పరిధి తక్కువగా ఉన్న సేవలు చాలా చోట్ల, ఎక్కువగా ఉన్నవి కొద్ది చోట్ల ఉంటాయి. పెద్ద కేంద్రంలో చిన్న కేంద్రపు సేవలన్నీ ఉంటాయి, వాటికి తోడు మరికొన్ని ఉంటాయి.

ప్రతి కేంద్రం చుట్టూ సేవా ప్రాంతాన్ని వృత్తంగా గీస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి, లేదా వృత్తాలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఖాళీ లేకుండా, అతివ్యాప్తి లేకుండా నేలను కప్పగలిగే ఆకారాల్లో వృత్తానికి అతి దగ్గరిది షడ్భుజి. తేనెపట్టు గదులు గుర్తు తెచ్చుకోండి.

ఈ షడ్భుజుల అమరికకు క్రిస్టాలర్ మూడు సూత్రాలు చెప్పాడు. మార్కెట్ సూత్రం (కె=3) ప్రకారం పై స్థాయి కేంద్రం కింది స్థాయి సేవా ప్రాంతాలు మూడింటికి సమానమైన ప్రాంతానికి సేవ చేస్తుంది. రవాణా సూత్రం (కె=4) ప్రకారం చిన్న కేంద్రాలు రెండు పెద్ద కేంద్రాలను కలిపే దారి మీదనే ఉంటాయి. పరిపాలనా సూత్రం (కె=7) ప్రకారం చుట్టూ ఉన్న ఆరు చిన్న కేంద్రాలూ పూర్తిగా ఒకే పెద్ద కేంద్రం కిందికి వస్తాయి. ఒక తాలూకాను రెండు జిల్లాలకు పంచలేం కదా!

దక్షిణ జర్మనీలో ఆయన ఏడు స్థాయిలను గుర్తించాడు. అట్టడుగు స్థాయి కేంద్రాల మధ్య దూరం సుమారు 7 కిలోమీటర్లు. ఆ పైన 12, 21, 36, 62, 108, 186 కిలోమీటర్లు. ప్రతి మెట్టుకూ దూరం దాదాపు 1.73 రెట్లు పెరుగుతుంది. మార్కెట్ సూత్రం నుంచి నేరుగా వచ్చే లెక్క ఇది.

3. సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుంది?

విమర్శకు ముందు న్యాయం చేయాలి. మెట్ల వరుసలో అట్టడుగున, సంత దగ్గర, ఈ సిద్ధాంతం చక్కగా పనిచేస్తుంది.

ఒక ఊళ్లో గిరాకీ వారం పొడుగునా దుకాణం నడపడానికి చాలదనుకోండి. అప్పుడు వ్యాపారే తిరుగుతాడు. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఇంకో ఊరు. గాజులమ్మే ఆమె, ఎండుచేపలమ్మే ఆయన, పశువుల బేరగాడు అందరూ అదే చక్రంలో తిరుగుతారు. ఐదారు ఊళ్ల గిరాకీని కలిపితే ఒక మనిషి జీవనం గడుస్తుంది. కనీస గిరాకీ అనే భావనకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. పక్క పక్క ఊళ్లలో సంత ఒకే రోజు పడకపోవడం కూడా ఇందుకే. చైనాలోని సిచువాన్ పల్లెలపై 1964–65లో వ్యాసాలు రాసిన జి. విలియం స్కిన్నర్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. రైతు సామాజిక ప్రపంచం అతని పల్లెతో ముగియదనీ, సంత పరిధే అతని అసలు ప్రపంచమనీ ఆయన వాదించాడు. సంబంధాలు కలుపుకోవడం, అప్పులు తెచ్చుకోవడం, కబుర్లు తెలుసుకోవడం అన్నీ అక్కడే జరుగుతాయి. మన పెద్దవాళ్లను అడిగితే ఇదే మాట చెబుతారు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కూడా బొమ్మ కొంతవరకు సరిపోతుంది. నేల చదును, పల్లెలు దగ్గర దగ్గర, పంట నిలకడ. ఏలూరు, భీమవరం, తణుకు, పాలకొల్లు, గుడివాడ, తెనాలి వంటి మధ్యస్థాయి పట్టణాలు అంత దట్టంగా కనిపించేది అక్కడే.

అయితే ఒక్క విషయం గమనించండి. ఆ నిలకడైన పంట దైవదత్తం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాయి. సిద్ధాంతం ముందే ఉన్నదనుకున్న మైదానాన్ని ఇక్కడ ఒక ప్రభుత్వ నిర్ణయం తయారుచేసింది. మన మొదటి సందేహం ఇక్కడే మొదలవుతుంది.

4. కాలం లేని బొమ్మ: బందరు, బెజవాడ

క్రిస్టాలర్ బొమ్మ ఒక క్షణంలో తీసిన ఫొటో లాంటిది. కేంద్రాలు ఎలా పైకి వచ్చాయో, ఎలా దిగిపోయాయో అందులో ఉండదు. కృష్ణా డెల్టాలోని రెండు పట్టణాలను చూడండి.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం తూర్పు తీరంలోని ముఖ్య రేవుల్లో ఒకటి. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు అక్కడ స్థావరాలు ఏర్పరచుకున్నారు. కలంకారీ బట్టలు ఓడలెక్కింది ఆ రేవులోనే. అప్పట్లో బెజవాడ కనకదుర్గమ్మ కొండ కింద, నది దాటే చోట ఉన్న చిన్న ఊరు.

తరువాత మూడు సంగతులు జరిగాయి. 1855 నాటి ఆనకట్టతో డెల్టా కాలువలన్నింటికీ బెజవాడ తలకట్టు అయింది. ఆ కాలువలు సాగుకే కాదు, పడవల రాకపోకలకూ దారులు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫాను ఉప్పెనలో మచిలీపట్నం, దాని పరిసరాల్లో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఇక మూడవది రైలు. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. 1899 నాటికి మద్రాసు దారి కలిసింది. హైదరాబాదు, మద్రాసు, కలకత్తా దారులు కలిసే కూడలిగా బెజవాడ నిలిచింది. బందరుకు రైలు 20వ శతాబ్దంలో గాని రాలేదు. వచ్చినది కూడా బెజవాడ నుంచి చీలిన కొమ్మ మాత్రమే.

అయినా 1901 జనగణనలో మచిలీపట్నం జనాభా 39 వేలు పైన, బెజవాడ జనాభా 24 వేలు పైన. రైలు వచ్చి పుష్కరం దాటినా పాత రేవే పెద్దది. 2011 నాటికి మచిలీపట్నం 1.7 లక్షలు, విజయవాడ నగర సముదాయం 14.9 లక్షలు. మొదటిది నూరేళ్ల పైచిలుకు కాలంలో నాలుగు రెట్లకు కాస్త పైగా పెరిగితే, రెండవది అరవై రెట్లు పెరిగింది.

మరో చిత్రం చూడండి. ఇంత జరిగినా జిల్లా కేంద్రం మాత్రం మచిలీపట్నమే. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా, తనకన్నా ఎన్నో రెట్లు చిన్నదైన, సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని పట్టణం పేరు మీద ఉన్న జిల్లాకేంద్రం కిందే విజయవాడ ఉంది. మార్కెట్ మెట్లు ఒక వేగంతో, ప్రభుత్వ మెట్లు ఇంకో వేగంతో కదులుతాయని ఇది చెబుతుంది. మూడు సూత్రాల్లో ఏదో ఒకటి ఒక ప్రాంతాన్ని శాసిస్తుందని క్రిస్టాలర్ భావించాడు. ఇక్కడ రెండు సూత్రాలు ఒకే జిల్లాలో ఎదురెదురుగా నిలిచాయి.

5. బయటి నుంచి వచ్చిన పట్టణాలు

కేంద్ర స్థల సిద్ధాంతంలో పట్టణం చుట్టుపక్కల పల్లెల అవసరాల నుంచి పుడుతుంది. పల్లెలు ముందు, పట్టణం తరువాత. విశాఖపట్నానికి ఈ వరుస పొసగదు. అది మైదానం మధ్యలో లేదు, సముద్రం అంచున ఉంది. సగం దిక్కున సేవా ప్రాంతమే లేదు! 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. తరువాత చమురు శుద్ధి, నౌకాదళం, ఉక్కు కర్మాగారం వచ్చాయి. వీటిలో ఏదీ చుట్టుపక్కల రైతుల గిరాకీ కోసం వచ్చినది కాదు.

అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త జేమ్స్ వాన్స్ 1970లో ఇదే విమర్శను సిద్ధాంతంగా చెప్పాడు. వలస దేశాల్లో దూరపు వ్యాపారం ముందుగా రేవు పట్టణాన్ని నాటుతుంది. అక్కడి నుంచి దారులు లోపలికి పాకుతాయి. ఆ దారుల వెంట చిన్న పట్టణాలు తరువాత వస్తాయి. అంటే మెట్లు పైనుంచి కిందికి కట్టుకుంటూ వస్తారు. మన కోస్తా చరిత్ర చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు.

తెలంగాణలో సరుకు వేరు, సంగతి ఒకటే. కొత్తగూడెం, రామగుండం బొగ్గు, విద్యుత్తు పట్టణాలు. బొగ్గు ఎక్కడ ఉంటే పట్టణం అక్కడే. పక్క పట్టణానికి ఎంత దూరమన్న ప్రశ్న రాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం లేకుండా నిజామాబాదు, బోధన్ ప్రాంతపు చెరకును, దాని వెంట వచ్చిన చక్కెర కర్మాగారాన్ని ఊహించలేం.

6. ప్రాంతం గీత ఎవరిది?

ఇప్పుడు ఇంకో సూత్రాన్ని పరీక్షిద్దాం. ర్యాంకు–పరిమాణ సూత్రం ప్రకారం ఒక ప్రాంతంలో రెండవ పట్టణం జనాభా మొదటి దానిలో సగం, మూడవది మూడో వంతు, నాలుగవది నాలుగో వంతు ఉండాలి. 1913లో ఔయర్‌బాహ్ గమనించిన ఈ పోకడకు 1949లో జిఫ్ విస్తృత ప్రచారం కల్పించాడు. దీనికి భిన్నంగా, ఒకే నగరం మిగతావాటిని మించి విపరీతంగా పెరిగితే దాన్ని అగ్రనగరం అంటాం. 1939లో మార్క్ జెఫర్సన్ ఈ భావనను ప్రవేశపెట్టాడు.

2011 జనగణన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చూద్దాం. అంకెలు నగర సముదాయాలవి, లక్షల్లో.

పట్టిక 1
ర్యాంకు 1: హైదరాబాద్ – 77.5
ర్యాంకు 2: విశాఖపట్నం – 17.3 (సూత్రం ప్రకారం ఉండవలసినది 38.8)
ర్యాంకు 3: విజయవాడ – 14.9 (25.8)
ర్యాంకు 4: వరంగల్ – 7.6 (19.4)
ర్యాంకు 5: గుంటూరు – 6.7 (15.5)

హైదరాబాద్ స్పష్టంగా అగ్రనగరం. రెండవ నగరానికి నాలుగున్నర రెట్లు. ఇప్పుడు 2014 జూన్ 2 నాటి గీతను ఈ పట్టిక మీద గీయండి. తెలంగాణలో హైదరాబాద్ 77.5, వరంగల్ 7.6. అంటే పది రెట్లకు పైగా. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం 17.3, విజయవాడ 14.9, గుంటూరు 6.7, నెల్లూరు 5.6. మొదటి దానికీ రెండవ దానికీ మధ్య తేడా చాలా తక్కువ. ఇది అగ్రనగర వ్యవస్థ కాదు, ర్యాంకు–పరిమాణ వ్యవస్థా కాదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. పట్టికలోని జనాభా అంకెలు అవే. ఏ ఇల్లూ, ఏ దుకాణమూ కదలలేదు. ఒక గీత మారేసరికి ఒక రాష్ట్రంలో అగ్రనగరపు ఆధిపత్యం రెట్టింపు దాటింది, ఇంకో రాష్ట్రంలో అగ్రనగరమే లేకుండా పోయింది. కాబట్టి సోపానక్రమాన్ని లెక్కించే ముందు, ఏ ప్రాంతంలో లెక్కిస్తున్నామన్నది నిర్ణయం అయిపోవాలి. ఆ నిర్ణయం భూగోళ శాస్త్రానికి బయట, రాజకీయాల్లో జరుగుతుంది.

ఇది మొదటిసారి కాదు. 1953 అక్టోబరు 1 వరకు కోస్తా, రాయలసీమలకు మద్రాసే తలపట్టణం. ఆ రోజు కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లకే, 1956 నవంబరు 1న ఆ హోదా హైదరాబాదుకు వెళ్లింది. రాజధాని వచ్చినా, పోయినా ప్రజల అలవాట్లు ఆ గీతలను పూర్తిగా పాటించవు. హిందూపురం వారు నేటికీ బెంగళూరు వైపు, చిత్తూరు, సూళ్లూరుపేట వారు చెన్నై వైపు చూస్తారు. ఆదిలాబాద్ వారికి చాలా అవసరాలకు మహారాష్ట్ర పట్టణాలే దగ్గర. రాష్ట్రాన్నే యూనిట్‌గా తీసుకొని పట్టణాలను లెక్కించే పరిశోధకుడికి ఈ ప్రయాణాలు కనిపించవు.

7. ఆ వాడకందారు ఎవరు?

క్రిస్టాలర్ మైదానంలో అందరూ ఒకే రకం మనుషులు. అందరికీ సమానమైన డబ్బు, సమానమైన స్వేచ్ఛ. మన పల్లెలో అలా లేదు. భూమి ఉన్న ఇంటి పరిధి వేరు, కూలి ఇంటి పరిధి వేరు. సొంత బండి ఉన్న యువకుడి పరిధి వేరు, చీకటి పడేలోగా ఇంటికి చేరాల్సిన స్త్రీ పరిధి వేరు. ఒకే ఊరి చుట్టూ ఇన్ని వృత్తాలు గీయాల్సి ఉండగా సిద్ధాంతం ఒక్కటే గీస్తుంది.

క్షేత్ర పర్యటనల్లో ఒకసారి ఒక గర్భిణితో మాట్లాడాను. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో చిన్న పట్టణం, అందులో ఆస్పత్రి ఉన్నాయి. ఆమె మాత్రం ముప్పై కిలోమీటర్ల అవతలి పట్టణానికి వెళ్తున్నది. కారణం అడిగితే, "దగ్గరూరికి రెండు బస్సులు మారాలి సారూ. పోయినా మధ్యాహ్నం తరువాత డాక్టరమ్మ ఉండదు. దూరపూరికి మా ఊరి నుంచే బస్సు" అన్నది. అతి దగ్గరి కేంద్రానికే మనిషి వెళ్తాడన్న సూత్రం ఒక్క వాక్యంతో పక్కకు తొలగింది. ఆమె దృష్టిలో దూరాన్ని కొలిచేది కిలోమీటర్లతో కాదు. బస్సు వేళలతో, చార్జీలతో, అవతల మనిషి ఉంటాడన్న నమ్మకంతో.

ఇప్పుడు మధ్య మెట్ల మీద ఇంకో ఒత్తిడి వచ్చింది. మంచి రోడ్లు, మోటారు సైకిళ్లు, సెల్‌ఫోన్ల వల్ల పల్లెవాసి తాలూకా పట్టణాన్ని దాటి నేరుగా నగరానికి వెళ్తున్నాడు. లేదంటే వస్తువునే ఇంటికి తెప్పించుకుంటున్నాడు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతే చిన్న పట్టణపు గిరాకీ కనీస స్థాయి కిందికి జారుతుంది. దుకాణమో, ఆస్పత్రో మూతపడితే, వెళ్లలేనివాళ్లకు ఉన్న ఒక్క మెట్టూ పోతుంది.

8. సిద్ధాంతం ప్రణాళికగా మారినప్పుడు

పట్టణాలు ఇలా ఉన్నాయి అని చెప్పడం ఒకటి. ఇలా ఉండాలి అని చెప్పడం వేరు. కేంద్ర స్థల సిద్ధాంతం చాలా త్వరగా రెండవదిగా మారింది. దాని తొలి పెద్ద ప్రయోగం చీకటి చరిత్ర. క్రిస్టాలర్ 1940లో నాజీ పార్టీలో చేరాడు. ఆక్రమిత పోలండ్‌లో జర్మన్లను స్థిరపరచే ప్రణాళికా పనిలో పాల్గొన్నాడు. ఉన్న ప్రజలను వెళ్లగొట్టిన నేల మీద కేంద్ర స్థలాలను సక్రమంగా అమర్చడం ఆ పనిలో భాగం. సమతలంగా, ఖాళీగా ఉన్న మైదానం పుస్తకంలో ఒక ఊహ. అక్కడ దాన్ని బలవంతంగా తయారుచేశారు. సిద్ధాంతం తప్పని దీనితో రుజువు కాదు. అయితే మనుషులను లెక్కలోంచి తీసేసిన బొమ్మ ఎవరి చేతికైనా అందుతుందని మనం మరచిపోకూడదు.

మన దేశంలో దాని ఉపయోగం ప్రజాహితం కోసమే సాగింది. హైదరాబాదులోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ నుంచి లలిత్ కె. సేన్, సుధీర్ వన్మాలీ, వారి సహచరులు మిర్యాలగూడ తాలూకాపై చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. ఏ ఊళ్లో ఏ సేవలున్నాయో పరిశీలించి, గ్రామీణ అభివృద్ధి కేంద్రాలను ఎక్కడ పెంచాలో సూచించే ప్రయత్నం అది. ఊరి పెద్దల పలుకుబడిని బట్టి ఆస్పత్రులు, బడులు మంజూరయ్యే పద్ధతికి బదులు ఒక లెక్క చూపించడమే దాని గొప్పతనం. అయితే మిర్యాలగూడ ఆ తరువాత బియ్యం మిల్లుల పట్టణంగా పెరగడంలో, 1967లో విడుదలైన నాగార్జునసాగర్ నీళ్ల పాత్రను వదిలేసి మాట్లాడలేం.

ఆ తరువాతి మార్పులు మీకు తెలిసినవే. 1985లో తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. కార్యాలయం పల్లెకు దగ్గరైంది. మండల కేంద్రాలైన ఊళ్లలో జిరాక్సు షాపులు, టీ కొట్లు, అద్దె ఇళ్లు వెలిశాయి. ఆ హోదా తప్పిపోయిన ఊళ్లు చూస్తూ ఉండిపోయాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26 అయ్యాయి. జనగామ, సిరిసిల్ల, గద్వాల తొలి ముసాయిదాలో లేవు. ప్రజలు ఆందోళన చేసిన తరువాతే అవి జిల్లా కేంద్రాలయ్యాయి. జనం రోడ్డెక్కి ఒక మెట్టు సాధించుకోవడం ఏ షడ్భుజిలోనూ కనిపించదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా డాక్టరేట్ పరిశోధనలో డెల్టాలోని పట్టణాల మధ్య దూరాలను కొలిచాను. సగటు దూరాలు సిద్ధాంతానికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చాయి. పరీక్షకులు మెచ్చుకున్నారు, నేనూ సంతోషపడ్డాను. చాలా ఏళ్ల తరువాత అదే పాఠం చెబుతుంటే ఒక విద్యార్థిని, "సార్, ఈ పట్టణాల జాబితా ఎక్కడిది?" అని అడిగింది. అప్పుడు తట్టింది. నేను ఎంచుకున్నవి దాదాపు అన్నీ తాలూకా కేంద్రాలు. తహసీల్దారు తిరగగలిగినంత మేర చూసుకొని తాలూకాలను ఒకప్పటి రెవెన్యూ అధికారులు విభజించారు. ఆ కార్యాలయాల మధ్య దూరాలను కొలిచి నేను మార్కెట్ నియమం దొరికిందని రాశాను. కచేరీ గీసిన గీతనే ప్రకృతి గీతగా చదివాను. మీరు ఏ పట్టణ జాబితాను చూసినా, దాన్ని ఎవరు, ఎందుకు తయారుచేశారని ముందుగా అడగండి.

9. సారాంశం

కేంద్ర స్థల సిద్ధాంతాన్ని పారేయమని ఈ భాగం చెప్పడం లేదు. సంత నుంచి చిన్న పట్టణం వరకు, నిత్యావసరాల విషయంలో, కనీస గిరాకీ, పరిధి అనే భావనలు నేటికీ విలువైనవే. ఒక సేవ ఎందుకు మూతపడిందో అర్థం చేసుకోవడానికి ఇవి చాలా ఉపయోగపడతాయి.

పై మెట్లకు వెళ్లేకొద్దీ దాని బలం తగ్గుతుంది. అక్కడ ఆనకట్టలు, రైలు కూడళ్లు, రేవులు, గనులు, రాజధానులు, జిల్లాల గీతలు పట్టణాల స్థాయిని నిర్ణయించాయి. వీటిలో చాలావరకు మనుషులు తీసుకున్న నిర్ణయాలు. కాబట్టి ఒక పట్టణం కింది మెట్టులో ఉండటాన్ని దాని తలరాతగా చూడనక్కరలేదు. నిర్ణయాలతో వచ్చిన స్థితి నిర్ణయాలతో మారుతుంది. సోపానక్రమాన్ని అంచనా వేసేటప్పుడు మనం అడగవలసిన చివరి ప్రశ్న కూడా ఇదే: ఈ అమరికలో దూరం ఎవరి మీద పడుతోంది?

10. మీ ప్రగతిని సరిచూసుకోండి

అ. కనీస గిరాకీ, పరిధి అనే భావనలను మీ ఊరి నుంచి రెండేసి ఉదాహరణలతో వివరించండి.
ఆ. మచిలీపట్నం, విజయవాడల స్థాయి తారుమారు కావడానికి కారణాలు రాయండి. వాటిలో మార్కెట్ వల్ల వచ్చినవి ఏవి, ప్రభుత్వ నిర్ణయాల వల్ల వచ్చినవి ఏవి?
ఇ. 2014 విభజన తరువాత రెండు తెలుగు రాష్ట్రాల పట్టణ వ్యవస్థలను ర్యాంకు–పరిమాణ సూత్రంతో పోల్చండి.
ఈ. క్షేత్ర అభ్యాసం: మీ ఊరిలో ఐదు ఇళ్లను ఎంచుకోండి. ఆ ఇళ్లలో కనీసం రెండు కూలి కుటుంబాలవి ఉండాలి. ఎరువులు, బట్టలు, వైద్యం, కాలేజీ చదువు, ప్రభుత్వ కార్యాలయపు పని – ఈ ఐదింటికి ఎవరు ఏ ఊరికి, ఎలా, ఎంత ఖర్చుతో వెళ్తున్నారో నమోదు చేయండి. స్త్రీలను విడిగా అడగండి. అతి దగ్గరి ఊరిని వదిలి వెళ్లిన ప్రతి సందర్భానికీ కారణం రాయండి.

11. ముఖ్య పదాలు

కేంద్ర స్థలం: చుట్టూ ఉన్న ప్రాంతానికి వస్తువులు, సేవలు అందించే ఊరు లేదా పట్టణం.
సేవా ప్రాంతం: ఒక కేంద్ర స్థలం మీద ఆధారపడే చుట్టుపక్కల భూభాగం.
కనీస గిరాకీ: ఒక సేవ నష్టం లేకుండా నడవడానికి కావలసిన కనీస వాడకందార్ల సంఖ్య.
పరిధి: ఒక వస్తువు లేదా సేవ కోసం జనం ప్రయాణించడానికి సిద్ధపడే గరిష్ఠ దూరం.
అగ్రనగరం: ఒక ప్రాంతంలోని మిగతా పట్టణాలన్నింటినీ మించి, విపరీతంగా పెరిగిన మొదటి నగరం.
నగర సముదాయం: నగరం, దానికి ఆనుకొని పెరిగిన శివార్లు కలిపి జనగణనలో ఒకే యూనిట్‌గా లెక్కించే ప్రాంతం.